చిట్టాకెక్కని పద్దు

ఈ మాసపు శీర్షికను కొన్నేళ్ళ క్రితం ఒక కార్యాలయపు స్టోర్సులో జరిగిన సంఘటనతో ప్రారంభిస్తున్నాను. ఆ స్టోర్సు కంప్యూటర్ల నిర్వహణ అప్పట్లో నా బాధ్యత. కనుక జరిగిన పొరపాటులో ప్రధాన భాగం నాదేనని ముందుగా విన్నవించుకొంటున్నాను.

ఒకనాటి మధ్యాహ్నం హఠాత్తుగా కరెంటు పోయింది. యు.పి.ఎస్. బ్యాటరీలు వయసు మీరినవి కావడంతో జనరేటర్ అందుకొనేలోగానే సర్వర్ ఆగిపోయింది. పది నిమిషాలలో విద్యుత్తు తిరిగి వచ్చింది. సర్వర్ లేచింది, స్టాకు లెక్కల ప్రోగ్రాము ఎప్పటిలాగే తెరుచుకొంది. అందరం ఊపిరి పీల్చుకొన్నాము. అయితే నెలాఖరున నిల్వల తనిఖీ జరిగినప్పుడు రెండు మోటారు స్టార్టర్లు, ఆరు బేరింగులు తక్కువ వచ్చాయి. కంప్యూటర్ లెక్క ప్రకారం అవి అరలో ఉండాలి. అరలో లేవు. ఆ అరల బాధ్యత చూస్తున్న స్టోర్సు అసిస్టెంటుకు సంజాయిషీ కోరుతూ మెమో వెళ్ళింది.

ఆవిడ ఆ కాగితం పట్టుకొని నా గదికి వచ్చారు. “సార్, ఇండెంటు చూసే సరుకు ఇచ్చాను. ఇచ్చిన వెంటనే కంప్యూటర్‌లో ఎక్కించాను. ‘సేవ్ అయినది’ అని తెర మీద వచ్చింది కూడా. ఆ మరుక్షణమే కరెంటు పోయింది కనుక నాకు బాగా గుర్తు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క బోల్టు తేడా రాలేదు. ఇప్పుడు నన్ను దొంగను చేస్తారా?” అన్నారు.

“ఎక్కించి ఉంటే ఉండాలి కదమ్మా” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మరునాడు అరకు వ్రేలాడగట్టిన బిన్ కార్డు తీసి చూశాము. ఆ తేదీన, ఆవిడ చేతివ్రాతతో, ఆ పద్దు స్పష్టంగా ఉంది. గేటు పాసు పుస్తకంలోనూ ఉంది. మెమోను ఉపసంహరించారు. కంప్యూటర్‌లో మాత్రం ఆ వోచరు జాడ లేదు. సేవ్ అయినదని యంత్రం చెప్పిన పద్దు ఏమైంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ నేను తెలుసుకొన్న సంగతులనే ఈ నెల మీతో పంచుకొంటున్నాను. నేడు చిన్న కార్యాలయాలలో సైతం సర్వర్లు వర్చువల్ యంత్రాలుగా మారిపోయాయి. ఇళ్ళలో మన పిల్లలు కూడా చదువు కోసం వాటిని వాడుతున్నారు. కనుక ఇది కంప్యూటర్ విభాగం వారికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

పద్దు చేసే ప్రయాణం

మనం సేవ్ అనే మీట నొక్కగానే అక్షరాలు నేరుగా డిస్కు మీదకు చేరిపోతాయని అనుకొంటాము. వాస్తవానికి అవి ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్ తన మెమరీలో ఏర్పరచుకొన్న క్యాష్ అనే తాత్కాలిక నిల్వలో చేరతాయి. దీనికి కారణం వేగంలో ఉన్న వ్యత్యాసమే. మెమరీని చేరుకోవడానికి సెకనులో సుమారు కోటో వంతు చాలు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి చిన్న పద్దుకూ డిస్కు కోసం నిరీక్షిస్తే పని ముందుకు సాగదు. అందువల్ల ఆపరేటింగ్ సిస్టమ్ పద్దులను కొంతసేపు మెమరీలో పోగుచేసి, తరువాత ఒక్కసారిగా డిస్కుకు పంపుతుంది. లినక్స్‌లో మామూలు అమరిక ప్రకారం ఇలా వేచి ఉన్న దత్తాంశం సుమారు 30 సెకన్ల వయసు వచ్చాక డిస్కు దారి పడుతుంది. అక్కడితో అయిపోలేదు. డిస్కు లోపల కూడా చిన్న క్యాష్ ఉంటుంది. అది సైతం వచ్చినదానిని తనలో ఉంచుకొని, వీలు చూసుకొని పళ్ళెం మీద వ్రాస్తుంది.

కరెంటు పోతే ఈ తాత్కాలిక నిల్వలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఈ సంగతి ఎరిగిన నిపుణులు ఒక ప్రత్యేక ఆజ్ఞను ఏర్పాటు చేశారు. దానిని ఫ్లష్ అంటారు. ‘ఇంతవరకు ఇచ్చినదంతా శాశ్వత స్థానంలో వ్రాయుము. వ్రాసిన పిదపనే నాకు బదులు చెప్పుము’ అన్నది దాని అర్థం. లినక్స్‌లో ప్రోగ్రాములు ఎఫ్‌సింక్ అనే పిలుపు ద్వారా ఈ పని చేయిస్తాయి. ఉత్తరాన్ని తపాలా డబ్బాలో వేయడం వేరు, అది చేరినట్లు సంతకంతో రసీదు తిరిగి రావడం వేరు. ఫ్లష్‌కు వచ్చే బదులు ఈ రసీదు వంటిది. బ్యాంకు లావాదేవీలు, జీతాల లెక్కలు, స్టోర్సు వోచర్లు వంటివి నడిపే డేటాబేస్ ప్రోగ్రాములు ఈ రసీదు చేతికి వచ్చిన తరువాతనే తెర మీద ‘సేవ్ అయినది’ అని చూపుతాయి.

చిట్టా, ఆవర్జా

డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో లెక్క చూసుకొనే వ్యవస్థను ఫైల్ సిస్టమ్ అంటారు. ఒక్క ఫైలును పెంచాలన్నా అది మూడు నాలుగు చోట్ల మార్పులు చేయవలసి ఉంటుంది. ఖాళీ స్థలాల పట్టికలో కొట్టివేయాలి, ఫైలు వివరాలలో కొత్త చిరునామా చేర్చాలి, పరిమాణాన్ని సరిదిద్దాలి. ఇందులో సగం పూర్తయ్యేసరికి కరెంటు పోతే ఒక పట్టిక ఒకటి చెబుతుంది, మరొకటి ఇంకొకటి చెబుతుంది.

ఈ చిక్కుకు పరిష్కారం మన కొట్లలో ఏనాటి నుంచో ఉన్నదే. షావుకారు గుమాస్తా ఆనాటి బేరాలన్నింటినీ వరుసగా చిట్టాలో వ్రాస్తాడు. తరువాత తీరికగా ఒక్కొక్క పద్దునూ ఆవర్జాలో ఆయా ఖాతాలకు ఎక్కిస్తాడు. ఆవర్జా ఎక్కించే పని మధ్యలో ఆగిపోయినా ప్రమాదం లేదు. చిట్టా చూసి మిగిలినది పూర్తి చేయవచ్చు. నేటి ఫైల్ సిస్టములు చేసేది కూడా ఇదే. చేయబోయే మార్పులను ముందుగా జర్నల్ అనే చిట్టాలో వ్రాసి, చివర ‘ఇంతటితో సరి’ అని సంతకం వంటి గుర్తు పెట్టి, ఆ తరువాతనే అసలు పట్టికలను మారుస్తాయి. 1993లో విండోస్ ఎన్.టి.తో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్., 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3, 2008లో దాని స్థానంలోకి వచ్చిన ఈఎక్స్‌టీ4 ఈ పద్ధతిని అనుసరించేవే.

ఇందులో ప్రాణప్రదమైనది వరుస క్రమం. ముందు చిట్టా, ఆ పిదప సంతకం, ఆ పిదప ఆవర్జా. పద్దులు వ్రాయకముందే సంతకం డిస్కుకు చేరితే, యంత్రం తిరిగి లేచినప్పుడు ఖాళీ చిట్టాను నమ్మి ఆవర్జాను పాడుచేస్తుంది. ఒక మెట్టుకూ మరొక మెట్టుకూ మధ్య ఫైల్ సిస్టమ్ ఫ్లష్ ఆజ్ఞ పంపేది ఈ వరుసను కాపాడుకోవడానికే. ఆ ఆజ్ఞ నిజంగా పాటించబడితేనే జర్నల్‌కు విలువ. మరొక మాట కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఈఎక్స్‌టీ4 వంటివి మామూలు అమరికలో తమ పట్టికల మార్పులనే చిట్టాలో వ్రాస్తాయి, ఫైలులోని విషయాన్ని వ్రాయవు. అంటే జర్నల్ ఇంటి గోడలను నిలబెడుతుంది. గోడల మధ్యనున్న సామానుకు పూచీ ఫ్లష్ అడిగే ప్రోగ్రాముదే.

యంత్రంలో యంత్రం

ఇక వర్చువల్ యంత్రం సంగతికి వద్దాము. ఒకే కంప్యూటర్‌లో పలు కంప్యూటర్లు ఉన్నట్లు భ్రమింపజేసే ఈ విద్య కొత్తదేమీ కాదు. ఐ.బి.ఎం. సంస్థ తన పెద్ద యంత్రాల కోసం 1972లోనే వీఎం/370 అనే వ్యవస్థను ప్రకటించింది. 1999లో వీఎంవేర్ దానిని మామూలు కంప్యూటర్లకు తెచ్చింది. 2007లో లినక్స్ లోపలనే కేవీఎం అనే సదుపాయం చేరింది. అసలు యంత్రాన్ని హోస్టు అనీ, దానిలో నడిచే వర్చువల్ యంత్రాన్ని గెస్టు అనీ అంటారు. మనం ఆతిథేయి, అతిథి అని పిలుచుకొందాము.

అతిథికి తన డిస్కు ఒక నిజమైన డిస్కులాగే కనిపిస్తుంది. కానీ సాధారణంగా అది ఆతిథేయి డిస్కు మీద ఉన్న ఒక పెద్ద ఫైలు మాత్రమే. అంటే ఒక ఫైల్ సిస్టమ్ లోపల ఫైలు, ఆ ఫైలు లోపల మరొక ఫైల్ సిస్టమ్. పద్దు చేసే ప్రయాణం ఇప్పుడు రెట్టింపయింది. అతిథి క్యాష్, వర్చువల్ డిస్కును నడిపే సాఫ్ట్‌వేర్, ఆతిథేయి ఫైల్ సిస్టమ్, దాని క్యాష్, చివరకు అసలు డిస్కు క్యాష్, ఇన్ని మజిలీలు దాటాలి. అతిథి పంపిన ఫ్లష్ ఆజ్ఞ ఈ మజిలీలన్నింటినీ దాటి చివరి వరకు వెళ్ళి, రసీదు తిరిగి అదే దారిన రావాలి. మధ్యనున్న ఒక్కరు ‘చేరింది లెండి’ అని తామే సంతకం పెట్టి పంపినా ఆ రసీదుకు విలువ లేదు.

మధ్యవర్తి మాట

మధ్యవర్తి అలా ఎందుకు చేస్తాడు? వేగం కోసం. క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకొందాము. కేవీఎం వాడేవారు చాలావరకు దీని ద్వారానే డిస్కులను నడుపుతారు. ఇందులో వర్చువల్ డిస్కుకు ఐదు విధాల క్యాష్ అమరికలు ఉన్నాయి.

రైట్‌బ్యాక్ అనేది మామూలుగా వచ్చే అమరిక. ఇందులో పద్దులు ఆతిథేయి క్యాష్‌లో ఆగుతాయి, కానీ అతిథి ఫ్లష్ అడిగినప్పుడు ఆ ఆజ్ఞ డిస్కు వరకు వెళుతుంది. రైట్‌త్రూలో ప్రతి వ్రాతకూ ఫ్లష్ జరుగుతుంది. ఇది క్షేమకరమే కాని నెమ్మది. నన్ అనే అమరిక ఆతిథేయి క్యాష్‌ను తప్పించి నేరుగా డిస్కుకు పంపుతుంది. ఫ్లష్‌ను కూడా గౌరవిస్తుంది. ఈ పేరు చూసి ఎక్కడా క్యాష్ లేదని పొరబడరాదు, అసలు డిస్కు లోపలి క్యాష్ అలాగే ఉంటుంది. డైరెక్ట్‌సింక్ అనేది ఆతిథేయి క్యాష్‌నూ తప్పిస్తుంది, ప్రతి వ్రాతనూ ఫ్లష్ చేస్తుంది. ఈ నాలుగింటిలో ఏది ఎంచుకొన్నా, అతిథి సక్రమంగా ఫ్లష్ పంపినంత కాలం రసీదు నిజమైనదే.

ఐదవది అన్‌సేఫ్. పేరులోనే హెచ్చరిక ఉంది. ఇది ఫ్లష్ ఆజ్ఞను పూర్తిగా విస్మరిస్తుంది. అతిథి అడిగిన ప్రతిసారీ ‘వ్రాశాను’ అని వెంటనే బదులిస్తుంది. పోయినా ఫరవాలేదనుకొనే ప్రయోగాలకూ, మొదటిసారి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే పనికీ ఇది పనికివస్తుంది. ఆ పని చాలా త్వరగా ముగుస్తుంది. మధ్యలో చెడిపోతే మళ్ళీ మొదటి నుంచి ఎక్కించుకోవచ్చు.

నేను చేసిన పొరపాటు సరిగ్గా ఈ కోవకు చెందినదే. సర్వర్‌ను సిద్ధం చేసే రోజున పని త్వరగా తెమలాలని ఫ్లష్‌ను పట్టించుకోని అమరిక పెట్టాను. పని ముగిశాక మార్చాలనుకొన్నాను. మరచిపోయాను. ఆ తరువాత సర్వర్ ఎంతో చురుకుగా నడుస్తోందని అందరూ మెచ్చుకొంటుంటే సంతోషించాను కూడా. ఆ చురుకుదనం ఎవరి మెడకు చుట్టుకొన్నదో పైన చెప్పాను.

ఇళ్ళలోను, కళాశాలల్లోను ఎక్కువగా వాడే వర్చువల్‌బాక్స్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అతిథి పంపే ఐ.డి.ఇ. ఫ్లష్ ఆజ్ఞలను వేగం నిమిత్తం మామూలుగా పట్టించుకోరని దాని కరదీపికలోనే వ్రాసి ఉంది. వాటిని పాటింపజేయడానికి ఇగ్నోర్‌ఫ్లష్ అనే అమరికను సున్నాగా పెట్టాలి. ఐ.డి.ఇ. డిస్కుకు, సాటా డిస్కుకు వేర్వేరుగా దీనిని ఎలా పెట్టాలో కూడా అందులోనే వివరించారు. విలువైన దత్తాంశం ఉంచేవారు ఆ పుట తప్పక చదవాలి.

రెండు రకాల పతనం

ఇక్కడ చాలామందిని మోసగించే సంగతి ఒకటి ఉంది. అతిథి యంత్రం మాత్రమే కూలిపోతే, ఆతిథేయి క్యాష్‌లో ఉన్న పద్దులకు ఏమీ కాదు. ఆతిథేయి బ్రతికే ఉంది కనుక అది కాసేపటికి వాటిని డిస్కు మీద వ్రాసేస్తుంది. కనుక అతిథిని పదిసార్లు బలవంతంగా ఆపి, పదిసార్లూ దత్తాంశం క్షేమంగా ఉన్నదని తృప్తిపడితే ఆ పరీక్షకు అర్థం లేదు. నేను కూడా మొదట్లో అలాగే పరీక్షించి సరిపెట్టుకొన్నాను. ఆతిథేయి స్వయంగా కూలిపోయినప్పుడు, లేదా దానికి కరెంటు పోయినప్పుడు మాత్రమే అసలు గుట్టు బయటపడుతుంది. పైగా అటువంటి సమయంలో దాని మీద నడుస్తున్న అతిథులందరికీ ఒకేసారి ఆపద వస్తుంది.

మా విషయంలో ఒక్క వోచరు పోవడం అదృష్టమనే చెప్పాలి. వరుస తప్పి వ్రాయబడిన చిట్టా వల్ల మొత్తం ఫైల్ సిస్టమ్ తెరుచుకోకుండా పోయే అవకాశం కూడా ఉన్నది. ఒక విధంగా అదే నయమేమో. కనీసం పోయిందని తెలుస్తుంది. తెలియకుండా పోయిన పద్దే మనుషుల మీద నింద మోపుతుంది.

మరికొన్ని ఆపదలు

కరెంటు పోకుండానే వర్చువల్ డిస్కును పాడుచేయగల పనులు కొన్ని ఉన్నాయి. వీటిలో చాలావరకు సదుద్దేశంతో చేసేవే.

మొదటిది, నడుస్తున్న యంత్రపు డిస్కు ఫైలును కాపీ చేయడం. పెద్ద ఫైలు కాపీ కావడానికి చాలా సమయం పడుతుంది. ఆ సమయంలో అతిథి వ్రాస్తూనే ఉంటుంది. కాపీలోని మొదటి భాగం ఉదయం పది గంటల నాటిది, చివరి భాగం పదిన్నర నాటిది అవుతుంది. పుట పుటకూ తేదీ మారిన ఆవర్జా ఎవరికి పనికివస్తుంది? యంత్రాన్ని సక్రమంగా ఆపి కాపీ తీయాలి, లేదా స్నాప్‌షాట్ సదుపాయాన్ని ఆశ్రయించాలి.

రెండవది, స్నాప్‌షాట్ మీద అతి విశ్వాసం. నడుస్తున్న యంత్రపు డిస్కుకు మామూలుగా తీసిన స్నాప్‌షాట్, ఆ క్షణాన కరెంటు పోతే డిస్కు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అతిథి మెమరీలో మిగిలిన పద్దులు అందులో ఉండవు. అతిథి లోపల గెస్ట్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాము ఉంచితే, అది స్నాప్‌షాట్‌కు ముందు ఫైల్ సిస్టమ్‌ను క్షణకాలం స్తంభింపజేసి, ఉన్నదంతా డిస్కుకు పంపిస్తుంది. విండోస్‌లో ఈ పనికి వి.ఎస్.ఎస్. అనే సేవ తోడ్పడుతుంది. మరొక సంగతి, స్నాప్‌షాట్ అసలు డిస్కు మీదనే ఆధారపడి ఉంటుంది. మూల ఫైలు పోతే రెండూ పోతాయి. మూల ఫైలును విడిగా తెరిచి ఏ కొద్ది మార్పు చేసినా దాని మీద కట్టిన అంతస్తులన్నీ కూలుతాయి.

మూడవది, ఒకే డిస్కును రెండు యంత్రాలకు తగిలించడం. ఈఎక్స్‌టీ4, ఎన్.టి.ఎఫ్.ఎస్. వంటివి తమ డిస్కు మీద తామొక్కరే వ్రాస్తున్నామని నమ్ముతాయి. ఒకే ఆవర్జాను ఇద్దరు గుమాస్తాలు, ఒకరికి తెలియకుండా మరొకరు, తమ తమ జ్ఞాపకాన్ని బట్టి దిద్దితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఇటువంటి పొరపాటును అరికట్టడానికి 2017లో వెలువడిన క్యూఈఎంయూ 2.10 నుంచి డిస్కు ఫైలుకు తాళం వేసే ఏర్పాటు చేశారు. నిజంగా ఇద్దరికీ పంచవలసి వస్తే జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 వంటి ప్రత్యేక ఫైల్ సిస్టములు వాడాలి.

నాలుగవది, లేని స్థలాన్ని వాగ్దానం చేయడం. వర్చువల్ డిస్కును 500 జీబీ అని చూపి, వాడినకొద్దీ పెరిగేలా అమర్చవచ్చు. 1000 జీబీ డిస్కు మీద అటువంటివి నాలుగు పెట్టినా ఎవరూ అడ్డుచెప్పరు. నాలుగూ నిండసాగినప్పుడు ఆతిథేయి డిస్కు నిండిపోతుంది. అతిథి తన లెక్క ప్రకారం ఇంకా సగం ఖాళీ ఉన్నదనే అనుకొంటుంది. క్యూఈఎంయూ వంటివి అటువంటప్పుడు అతిథిని నిలిపివేసి కొంత మేలు చేస్తాయి. అయినా పని ఆగినట్లే. ఆతిథేయి ఖాళీ స్థలాన్ని ప్రతిదినం గమనించడమే మార్గం.

ఐదవది, డిస్కు చెప్పే ఫిర్యాదును వినకపోవడం. ఫ్లష్ విఫలమైతే మళ్ళీ ప్రయత్నిస్తే సరిపోతుందని ఎంతో కాలంగా పలువురు ప్రోగ్రామర్లు భావించేవారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ప్రసిద్ధ డేటాబేస్ తయారీదారుల చర్చలో 2018లో ఒక విషయం బయటపడింది. లినక్స్‌లో ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైన తరువాత, రెండవసారి అడిగితే ఆ దత్తాంశం డిస్కుకు చేరకపోయినా విజయవంతమైనట్లు బదులు రావచ్చు. దానితో 2019లో వారు తమ పద్ధతి మార్చారు. ఎఫ్‌సింక్ విఫలమైతే డేటాబేస్ వెంటనే ఆగి, తన చిట్టా నుంచి తిరిగి లెక్క కట్టుకొంటుంది. డిస్కు లోపం చూపిన సందేశాన్ని మూసివేసి పని కొనసాగించే మనకు కూడా ఇందులో పాఠం ఉన్నది.

రసీదును పరీక్షించడం ఎలా?

మీ యంత్రంలో ఫ్లష్ నిజంగా జరుగుతున్నదో లేదో చిన్న గుణకారంతో అంచనా వేయవచ్చు. 7200 చుట్ల డిస్కు మీద ఒకే చోట చిన్న పద్దు వ్రాయడం, ఫ్లష్ అడగడం, రసీదు వచ్చాక మళ్ళీ వ్రాయడం, ఇలా వరుసగా చేస్తే సెకనుకు సుమారు 120కి మించి జరగరాదు. పళ్ళెం ఒక చుట్టు తిరిగి వస్తే గాని అదే చోటు మళ్ళీ దొరకదు కదా. అటువంటి డిస్కు మీద అతిథి యంత్రం సెకనుకు వేల సంఖ్యలో రసీదులు తెస్తుంటే మధ్యలో ఎవరో దొంగ సంతకం పెడుతున్నారని అనుమానించాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌తో పాటు వచ్చే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే ఉపకరణం ఈ లెక్క చూపిస్తుంది. బ్యాటరీ రక్షణ గల క్యాష్ ఉన్న కంట్రోలర్లు, కరెంటు పోయినా ఆఖరి పద్దులు వ్రాయడానికి చాలినంత విద్యుత్తును కెపాసిటర్లలో దాచుకొనే సర్వర్ తరగతి ఎస్.ఎస్.డి.లు ఉంటే మాత్రం వేల సంఖ్య న్యాయమైనదే.

ఇంకా నిక్కమైన పరీక్ష కావాలంటే, ఏ విలువైన దత్తాంశమూ లేని ప్రయోగ యంత్రాన్ని తీసుకోవాలి. అందులోని అతిథి వరుస సంఖ్యలు వ్రాస్తూ, ఒక్కొక్క రసీదు రాగానే ఆ సంఖ్యను వేరొక కంప్యూటర్‌కు తెలియజేయాలి. అలా నడుస్తుండగా ఆతిథేయి కరెంటు తీగ లాగివేయాలి. తిరిగి లేచిన తరువాత రెండు లెక్కలూ పోల్చాలి. రెండవ కంప్యూటర్‌లో 4,812 వరకు ఉండి, డిస్కు మీద 4,650 వరకే ఉంటే, 162 అబద్ధపు రసీదులు అందినట్లు. కొత్త సర్వర్‌ను వాడకంలోకి తీసుకొనే ముందు ఒక పూట ఈ పరీక్షకు కేటాయించడం మంచిది.

ఆచరించవలసినవి

1. విలువైన దత్తాంశం ఉన్న వర్చువల్ డిస్కుకు ఫ్లష్‌ను విస్మరించే అమరిక ఎన్నడూ ఉంచరాదు. తాత్కాలికంగా పెడితే, మార్చవలసిన తేదీని గోడ మీది క్యాలెండర్‌లో వ్రాసుకోవాలి.

2. అతిథి లోపల జర్నల్ ఉన్న ఫైల్ సిస్టమ్ వాడాలి. దాని ఫ్లష్‌లను ఆపివేసే నోబ్యారియర్ వంటి సలహాలు ఎవరు చెప్పినా పాటించరాదు.

3. ఆతిథేయికి యు.పి.ఎస్. ఉండటమే కాదు, బ్యాటరీ తగ్గగానే అతిథులను ఒక్కొక్కటిగా సక్రమంగా ఆపే ప్రోగ్రాము కూడా ఉండాలి. బ్యాటరీలను నిర్ణీత కాలానికి పరీక్షించాలి.

4. వీలైనచోట ఆతిథేయి మీద జడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టములను పరిశీలించాలి. ఇవి వ్రాసిన ప్రతి భాగానికీ చెక్‌సమ్ అనే సరిచూపు సంఖ్యను దాచి, చదివేటప్పుడు పోల్చుతాయి. నిశ్శబ్దంగా చెడిన దత్తాంశాన్ని ఇవి పట్టిస్తాయి.

5. స్నాప్‌షాట్‌ను గాని, జంట డిస్కులను గాని బ్యాకప్‌గా భావించరాదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊరిలో అన్న సూత్రం పాతదైనా పాటించదగినది.

6. బ్యాకప్ నుంచి యంత్రాన్ని తిరిగి నిలబెట్టే అభ్యాసం మూడు నెలలకు ఒకసారైనా చేయాలి. తిరిగి తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోరాదు.

ఇంట్లో పిల్లలు వర్చువల్ యంత్రం మీద ప్రాజెక్టు పని చేస్తుంటే వారికి రెండు మాటలు చెప్పండి. ల్యాప్‌టాప్ మూత వేసేముందు అతిథిని సక్రమంగా ఆపమనండి. పగలంతా చేసిన పనిని సాయంత్రం అతిథి బయట, వేరే చోట ఒక ప్రతి ఉంచమనండి. ఆఖరి వారంలో కన్నీళ్ళు తప్పుతాయి.

మా స్టోర్సు సర్వర్ అమరికను ఆ వారమే సరిచేశాను. వేగం కొంత తగ్గింది. ఒకరిద్దరు ఫిర్యాదు చేశారు. కారణం వివరిస్తే ఒప్పుకొన్నారు. అందరికంటే ముందు ఒప్పుకొన్నది ఆ స్టోర్సు అసిస్టెంటే. “నెమ్మదైనా ఫరవాలేదు సార్. అయిందంటే అయినట్లు ఉండాలి” అన్నారు. మెమోకు ఆవిడ ఇచ్చిన సంజాయిషీ, దానికి జతపరచిన బిన్ కార్డు నకలు ఇప్పటికీ నా సొరుగులో ఉన్నాయి. కొత్త సర్వర్ అమర్చిన ప్రతిసారీ వాటిని ఒకసారి తీసి చూసుకొంటాను.

వచ్చే సంచికలో బ్యాకప్ నుంచి ఒక యంత్రాన్ని తిరిగి నిలబెట్టే విధానాన్ని మెట్టు మెట్టుగా పరిశీలిద్దాము. మీ కార్యాలయాలలో ఎదురైన అనుభవాలను, సందేహాలను సంపాదకుల ద్వారా పంపగలరు.